చేత్తో దించిన సాయంత్రం

ఆమె మొదటి విజయం నలభై రెండు గుడ్లు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఆ నలభై రెండు గుడ్ల కోసం పరిశోధనా కేంద్రంలో ముగ్గురు డిగ్రీలున్న ఆఫీసర్లు మూడేళ్ళు తల పట్టుకుని కూర్చున్నారు. బియ్యపు గింజలో పదో వంతు కూడా ఉండని తెల్లటి గుడ్లు, జామరసం పూసిన ఒక ప్లాస్టిక్ సీసా లోపలి గోడకు అంటుకుని ఒక మంగళవారం ఉదయం కనిపించాయి. వాటిని ముందుగా చూసింది ఆ సీసాలు కడిగే మనిషి. ఆ మనిషే ఈ కథలో చెల్లెలు. ఆ చెల్లెల్ని పెంచి పెద్ద చేసినవాడు, ఆ గుడ్ల సంగతి వీధి వీధంతా చెప్పి చెప్పి విసిగించినవాడు ఆమె అన్న. తోటల్లో నీటి పంపులు నడిపి రిటైరైనవాడు కనుక అందరూ ఆయన్ని పంపు పెద్దాయన అంటారు.

"నలభై రెండు పెట్టింది. అందులో ముప్పై తొమ్మిది పిల్లలయ్యాయి" అని ఆయన ఎవరి దగ్గర మొదలుపెట్టినా, ఆయన భార్య లోపలినుంచి అందుకునేది.

"మన కోడి కూడా పెట్టింది. దాని గొప్ప ఎప్పుడూ చెప్పవేం?"

పండు ఈగ అంటే అన్నం మీద ముసిరే ఈగ కాదు. తేనెరంగు ఒళ్ళు, గాజులాంటి రెక్కలు, చూడముచ్చటగా ఉంటుంది. చేసే పని మాత్రం పాడు పని. దోరకాయకు సూదిలాంటి తోకతో బెజ్జం పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. పైకి నవనవలాడే జామపండును కోస్తే లోపలంతా పురుగులు. ఓడ ఎక్కాల్సిన సరుకు రేవులోంచే తిరిగొచ్చిన సంవత్సరాలున్నాయి. రైతులు వారం వారం మందు కొట్టేవారు, ఆ మందుకు ఈగకంటే ముందు వాళ్ళే దగ్గేవారు.

దీనికి విరుగుడు ఒకటుంది. ఈగలు ఇంకా గూట్లో ఉండగానే, రెక్కలు రాకముందే, వాటిని గామా కిరణాల యంత్రంలో కాసేపు పెట్టి తీస్తారు. వాటిలో మగవి బతుకుతాయి, ఎగురుతాయి, జత కడతాయి, కానీ ఆ జత వల్ల పుట్టిన గుడ్డు పిల్ల కాదు. అలాంటివాటిని లక్షల్లో తోటల మీద వదిలితే ఏడాదికేడాది ఈగ పలచబడుతుంది. అణుశక్తి చేత చేయించుకోగల మంచి పనుల్లో ఇదొకటి. అయితే లక్షల ఈగలు కావాలంటే ముందు వాటిని గదిలో పెంచాలి. తోటలో పుట్టిన ఈగకు గది గిట్టదు. తింటుంది, తిరుగుతుంది, గుడ్డు మాత్రం పెట్టదు.

ఆఫీసర్లు తిండి మార్చి చూశారు, వేడి మార్చి చూశారు, సీసాలు మార్చి చూశారు. ఆ సీసాలు కడుగుతున్న మనిషికి వేరే సంగతి తట్టింది. రోజూ ఐదున్నరకు అటెండరు ఒక్క స్విచ్చు నొక్కి నాలుగు ట్యూబులైట్లూ ఒకేసారి ఆర్పేవాడు. కిటికీలు ఎలాగూ అట్టలతో మూసి ఉంటాయి. పట్టపగలు ఉన్నట్టుండి కటిక చీకటి అయిపోయేది. ఆమెకు చిన్నప్పటి పంపు షెడ్డు గుర్తొచ్చింది. అమ్మా నాన్నా లేని పిల్లను అన్న తనతోపాటు డ్యూటీకి తీసుకెళ్ళేవాడు. మోటారు ఆపేసి ఇద్దరూ షెడ్డు గడప మీద కూర్చుంటే, పొద్దు వాలే ఆ అరగంటలో జామాకుల మీద ఈగలు రెక్కలు కొట్టుకుంటూ సన్నగా పాడేవి. అవి జత కట్టేది అప్పుడే. తెల్లవారి కాదు, చీకటి పడ్డాక కాదు.

"సార్, వాటికి సాయంత్రం లేదండి" అంది ఆమె, తడి చేతులతో నిలబడి.

"ఏం లేదూ?"

"సాయంత్రం. మీరు వాటిని మిట్టమధ్యాహ్నం నుంచి నేరుగా నడిరాత్రికి తీసుకెళ్తున్నారు."

ఆఫీసర్లు నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. రెండు వారాలు గది ఆమెకు అప్పగించాడు. ఆమె లైట్లు ఒక్కొక్కటిగా ఆర్పింది. ఆఖరికి ఒక చిన్న బల్బు మిగిల్చి, దాని ముందుకు నల్లగుడ్డ తెరను, అన్న పంపు షెడ్డులోంచి తెచ్చిచ్చిన కప్పీ మీదుగా, తాడుతో అంగుళం అంగుళం దించింది. అరగంట పట్టింది. తెర సగం దిగేసరికి గది పాడటం మొదలుపెట్టింది. ఆ నలభై రెండు గుడ్లు అలా చేసిన సాయంత్రాలవే.

అక్కడితో ఆగితే ఏదో గుడ్డి అదృష్టం అనేవాళ్ళు. ఆమె ఆగలేదు. ముప్పై ఒకటో ఏట ప్రైవేటుగా పదో తరగతి ప్యాసయింది. ఆ తరవాత డిప్లొమాలో చేరి, తనను అత్తా అని పిలిచే పిల్లల మధ్య మొదటి బెంచీలో కూర్చుని అదీ ప్యాసయింది. సీసాలు కడిగిన గదిలోనే టెక్నీషియన్ అయింది. బయటినుంచి తెప్పించే ఈగల తిండి రాకపోతే తవుడూ ఈస్టూ చక్కెరా కలిపి ఆమె చేసిన ముద్దను ఈగలు ఇంకా ఇష్టంగా తిన్నాయి. గది వారానికి రెండు లక్షల ఈగల్ని ఇచ్చే స్థాయికి వచ్చింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో, "రెండు లక్షలమంది పిల్లలు. వారం వారం. ఇంకా ఎక్కడ తీరిక?" అనేది. వదినగారు వదిలేది కాదు. "ఒక్కడికైనా బట్ట కుట్టించే ఖర్చు లేదులే, నీ అదృష్టం."

ఇవన్నీ ఒక ఎత్తు, యంత్రం ఒక ఎత్తు. అణుశక్తిని శాంతి పనులకు వాడుకోవడం చిన్న దేశాలకు నేర్పే ఒక అంతర్జాతీయ సంస్థ నుంచి నిపుణుడొకడు గది చూడటానికి వచ్చాడు. కప్పీనీ తాడునూ చాలాసేపు చూసి, ఇది ఎవరి బుర్ర అని అడిగాడు. డైరెక్టరు ఆమెను ముందుకు తోశాడు. మరుసటి ఏడు ఆ సంస్థ నుంచి గామా యంత్రం వచ్చింది. సీసపు గోడలున్న ఆ యంత్రం బరువుకు లారీ వెనక టైర్లు గేటు దగ్గర నేలలో దిగబడ్డాయి. వీధిలో మాత్రం, అణుబాంబు తెచ్చి పెట్టారట అని గుసగుస. "బాంబయితే మా ఆడపడుచు చేతికి ఇస్తారా? టీ గ్లాసు పెడితేనే వొలకబోస్తుంది" అని వదినగారే వాళ్ళ నోరు మూయించింది.

యంత్రం చెక్కపెట్టెలోనే ఉండిపోయింది. కేంద్రం మనిషి ఒకరు విదేశం వెళ్ళి, ఎంత కిరణం ఎంతసేపు పెట్టాలో, ఎలా కొలవాలో, ఎలా కాపాడుకోవాలో పూర్తిగా నేర్చుకుని వచ్చేదాకా పెట్టె తెరవకూడదని నియమం. శిక్షణ రెండు భాగాలు. ఆరు నెలలు ఈగల పెంపకం, తరవాత ఐదు నెలలు యంత్రం. ఆఫీసర్లను దాటి ఆమె పేరు వచ్చింది.

జనవరి పదో తేదీన బయలుదేరే ముందు ఆమె అన్నను ఈగల గదికి తీసుకెళ్ళి తాడు చేతిలో పెట్టింది.

"తిండి పెట్టడానికి చాలామంది ఉన్నారన్నయ్యా. సాయంత్రం చెయ్యడానికి నువ్వే ఉండాలి. వాళ్ళందరికీ ఇంటికెళ్ళే తొందర."

"అంటే నాకు పనీపాటా లేదంటావు."

"నీకు పని తెలుసంటున్నా. ఈ సంతతి పోయిందంటే మళ్ళీ తోటలోంచి పట్టుకొచ్చి మచ్చిక చేసుకోవాలి. మూడేళ్ళు. యంత్రం ఉన్నా లాభం లేదు."

డైరెక్టరు ఆయన్ని రోజుకూలి కింద రాసుకున్నాడు. అప్పటినుంచి పంపు పెద్దాయన ఐదింటికి గదిలోకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, ఒక్కో లైటూ ఆర్పి, తాడు పట్టుకునేవాడు. పక్కన ఆమె స్టూలు ఉండేది. అటెండరు దాన్ని పట్టుకుపోబోతే, "అది ఉండనీ. మనిషి వస్తుంది" అన్నాడు. తెర సగం దిగి గది పాడటం మొదలుపెట్టినప్పుడల్లా, ఆయనకు తెలియకుండానే చూపు ఆ స్టూలు మీదికి పోయేది. చిన్నప్పుడు షెడ్డు గడప మీద ఆమె ఆ పాట వింటూ ఆయన భుజం మీదే నిద్రపోయేది. మోసుకుంటూ ఇల్లు చేరేవాడు. ఇప్పుడు ఆ భుజం ఖాళీగా బరువనిపించేది.

ఈగకు గుడ్డు నుంచి గుడ్డుదాకా ఒక తరానికి కాస్త అటూ ఇటుగా నెల. ఆయన నెలలు లెక్కపెట్టడం మానేశాడు. తరం మారినప్పుడల్లా గది గోడ మీద సుద్దతో ఒక గీత గీసేవాడు. చెల్లెలు ఎప్పుడు వెళ్ళిందని ఎవరైనా అడిగితే, "మూడు తరాలయింది" అనేవాడు. అడిగినవాళ్ళు తెల్లబోయేవారు.

నాలుగో తరంలో ఒక పొరపాటు చేశాడు. తెర దించుతుండగా ఫోను మోగింది. ఆమె గొంతు. ఆత్రంలో తాడు వదిలేశాడు, తెర దభీమని పడింది, సాయంత్రం కాస్తా ఒక్క దెబ్బకు చీకటయింది. ఆ వారం గుడ్లు సగానికి పడిపోయాయి. ఆయన దాచలేదు, చెప్పేశాడు.

"ఇక ఆ వేళకు చెయ్యనులే అన్నయ్యా" అంది ఆమె. "పొద్దున్నే చేస్తాను."

ఆమె గొంతు వినాలని ఆయనకు బాగా అనిపించేది మాత్రం సరిగ్గా ఆ అరగంటలోనే.

జూన్‌లో డైరెక్టరు పిలిపించాడు. ముఖం వాడి ఉంది.

"పెద్దాయనా, మొదటి భాగం అయిపోవస్తోంది. రెండో భాగానికి డబ్బు రాలేదు."

"అందరూ ఒప్పుకున్నారన్నారు కదా సార్."

"ఒప్పుకున్నారు. అదే చిక్కు. ఆ సంస్థకు డబ్బు చెట్టుకు కాయదు. దేశాలు తలా కొంత ఇవ్వాలి, ఇచ్చినంత, ఇచ్చినప్పుడు. మంచి పనేనని అందరూ అన్నవాటిల్లో కొన్నిటికి డబ్బు ఎవరూ ఇవ్వకపోతే, అవి వేరే పేజీలో కూర్చుంటాయి. ఎవరైనా ఇస్తే లేస్తాయి."

"అంటే బస్సు టికెట్టు చేతికిచ్చి, బస్సు ఇంకా కొనలేదన్నట్టా సార్?"

డైరెక్టరు నవ్వబోయి మానుకున్నాడు. "మన వాటా మనం కట్టేశాం. ఇంకో దేశం ముందుకు రావాలి. రాకపోతే జూలైలో తిరిగొచ్చేస్తుంది."

ఆ మాట విని ఆయనలో ఏదో లేచి నిలబడింది. జూలైలో వచ్చేస్తుంది. ఆ వెంటనే చెక్కపెట్టె గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. సగం నేర్చుకుని వస్తే అది తెరవడానికి వీల్లేదు. గుడ్ల దగ్గరనుంచి ఇన్నేళ్ళ కష్టం ఆ పెట్టె పక్కన కూర్చోవాలి. నెల రోజులు ఆ రెండింటి మధ్య నలిగాడు. ఇంట్లో పొద్దున ఆమె మంచం దులిపేవాడు, సాయంత్రం పెట్టె మీద దుమ్ము తుడిచేవాడు.

ఆరో గీత గీసిన మర్నాడు, తెర పావువంతు దిగిన వేళ, ఫోను మోగింది. ఆ వేళకు ఆమె చెయ్యనంది. చేసిందంటే ఆగని పనే. ఈసారి తాడు వదల్లేదు. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించాడు.

"అన్నయ్యా, తాడు పట్టుకునే ఉన్నావా?"

"పట్టుకునే ఉన్నా. చెప్పు."

"నా పక్క మంచం అమ్మాయి గురించి చెప్పాను కదా, మనకంటే చిన్న దేశం వాళ్ళది. వాళ్ళ ఈగలు కూడా గుడ్లు పెట్టకపోతే సాయంత్రం సంగతి నేర్పాను. ఆ అమ్మాయి వాళ్ళ వ్యవసాయ శాఖకు రాసింది. నా రెండో భాగానికి వాళ్ళు ఇస్తారట."

"వాళ్ళకే లేదు కదే."

"లేకపోయినా ఇస్తారట. మన ఈగే వాళ్ళ తోటల్లోనూ ఉంది. కాకపోతే ఒక మాట. నేర్చుకున్నాక తిన్నగా ఇంటికి కాదు. వాళ్ళ దగ్గర మూడు నెలలుండి గది పెట్టిచ్చి, వాళ్ళ మనుషులకు నేర్పి రావాలి."

ఆయన తాడు అంగుళం వదిలాడు. గది సన్నగా మొదలుపెట్టింది.

"అంటే మొత్తం?"

"ఎనిమిది నెలలు. వద్దంటే వచ్చే వారమే ఇంట్లో ఉంటాను. రేపటికల్లా చెప్పమన్నారు. నువ్వు రమ్మను, వచ్చేస్తా."

ఆయన తెర వంకే చూశాడు. ఇంకో అంగుళం. ఇంకోటి. వదలడానికి చెయ్యి తొందరపడుతోంది, బిగించి పట్టుకున్నాడు. గది పాట ఫోనులోంచి అంత దూరమూ వెళ్తున్నట్టుంది.

"వినపడుతోందన్నయ్యా" అంది ఆమె.

"ఎన్ని తరాలు అవుతుంది?"

"ఎనిమిది."

"ఎనిమిదేగా. ఆరు గడిపినవాణ్ణి, ఎనిమిదికి భయపడతానా? నేర్చుకో. వాళ్ళకూ నేర్పు. మనకు ఒకరు ఇచ్చారు, మనం ఇంకొకరికి ఇవ్వకపోతే ఎలా? అడిగితే రమ్మంటానని నువ్వు అనుకున్నావు, అంతే. నేను అనలేదు."

"నువ్వు అనవని తెలిసే అడిగాను."

"తెలిస్తే పెట్టెయ్. తెర ఇంకా సగముంది."

ఫోను తీసి జేబులో పెట్టుకోవడానికి ఆయనకు ఖాళీ చెయ్యి లేదు. అది భుజం మీదనుంచి జారి ఒళ్ళో పడింది. తెర పూర్తిగా దిగేదాకా, చిన్న బల్బు వెలుగు ఆఖరి పోగు పోయేదాకా, అలాగే కూర్చున్నాడు. ఆ వారం గుడ్లు ఒక్కటీ తగ్గలేదు.

ఇంటికెళ్ళి చెప్తే భార్య చేస్తున్న పని ఆపింది.

"రమ్మనలేదా?"

"లేదు."

"రోజూ దాని దుప్పటి ఎండేసి మడతపెడుతున్నావు, రమ్మనడానికి నోరు రాలేదా?"

"వచ్చింది. అందుకే తెర వంక చూస్తూ మాట్లాడాను."

ఆవిడ రెండో కంచం కూడా పెట్టి, ఎదురుగా కూర్చుని, "ఎప్పటికి?" అంది. వచ్చే ఏడు క్యాలెండరు ఇంకా మార్కెట్లోకి రాలేదు. వారం తిరిగాక ఆయన గది గోడ మీద ఆరు గీతల పక్కన ఎనిమిది ఖాళీ గడులు గీశాడు. డైరెక్టరు తెచ్చిచ్చిన తిరుగు ప్రయాణం కాగితం చూసి, ఎనిమిదో గడి కింద, తుడుచుకుపోకుండా సుద్దను రెండుసార్లు గట్టిగా ఒత్తి, తేదీ రాశాడు: మార్చి పద్నాలుగు.