దేవుడి గుప్పెడు, ఎడింబరో ఎలుక

మా వారు బడిపంతులు. పై చదువుకని ఆయన్ను ఒక ఏడాది ఎడింబరో పంపితే, నేనూ వెంట వెళ్ళాను. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, నూజివీడు మామిడి తోటల్లో ఆఖరి కోత అయ్యాక బయలుదేరాం. తిరిగి వచ్చాక రెడ్డిగూడెంలో ఉండే ఆడపడుచు మొదలు పాలు పోసే ఆమె దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: "అంత దూరం పోయి ఏం చూశావమ్మా?"

కోట చూశానంటే సంతోషిస్తారు. కోట ఉంది, కొండ మీద. రోజూ కిటికీలోంచి ఊరికే కనిపిస్తుంటే మళ్ళీ ఎక్కడం ఎందుకని ఎక్కలేదు. నాకు ఇష్టమైనవి వేరే ఉన్నాయి.

ఒకటి, రెండంతస్తుల ట్రాము మేడ మీద కూర్చోవడం. మా ఊరి నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే, బొగ్గుతో నడిచే బస్సు ఎక్కినవాళ్ళకే నా సంబరం అర్థమవుతుంది. ఎత్తు వచ్చిందంటే మగవాళ్ళు దిగి తోసేవారు, ఆడవాళ్ళం లోపల కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళం. బస్సు దేనికి కదిలిందో ఇప్పటికీ తేలలేదు. ఎడింబరో ట్రాము ఎంత ఎత్తునైనా ఎవరి సాయమూ లేకుండా ఎక్కేది. చీర మీద మా వారి పాత ఓవర్‌కోటు తొడుక్కుని, మేడ మీద ముందు సీటులో కూర్చుని, సముద్రం దాకా వెళ్ళి, దిగకుండా అదే ట్రాములో తిరిగి వచ్చేదాన్ని. "దిగరా అమ్మా?" అని కండక్టరు అడిగేవాడు. నేను తల ఊపేదాన్ని. అవునన్నానో కాదన్నానో పాపం అతనికి ఒక్కనాడూ తెలియలేదు.

ఇంకొకటి, వరసలో నిలబడటం. యుద్ధం ముగిసినా వాళ్ళకు రేషను తప్పలేదు. మా వైపు కిరసనాయిలు వచ్చిందంటే మోచేతులదే రాజ్యం. అక్కడ ఒకరి వెనక ఒకరు, నవ్వుతూ పలకరించుకుంటూ. నాకెంత ముచ్చటేసిందంటే, ఎక్కడ వరస కనిపించినా ముందేమిస్తున్నారో తెలియకుండానే చివర చేరిపోయేదాన్ని. ఒకసారి ఉల్లిపాయలు దొరికాయి. ఒకసారి పొగబెట్టిన చేప. ఒకసారి ముప్పావుగంట నిలబడి తలుపు దాకా వెళితే లోపల పళ్ళు పీకే డాక్టరు. ఇంటికొచ్చి చెబితే మా వారు, "సర్కారు ఖర్చున ఊరికే పీకుతున్నారటగా, ఒకటి పీకించుకు రాకపోయావా!" అన్నారు.

ఈ ముచ్చట్లు సాగాలంటే ఉండటానికి ఒక గది దొరికి, అది నిలవాలి. మూడు ఇళ్ళ వాళ్ళు మమ్మల్ని చూడగానే గది ఇప్పుడే నిండిపోయిందన్నారు. నాలుగో ఇంటామె, అరవై దాటిన ఒంటరి మనిషి, మమ్మల్ని బూట్ల నుంచి పైకి చూసుకుంటూ వెళ్ళి, "ఒక నెల చూస్తాను. నచ్చితే ఉంటారు, లేకపోతే వేరే చూసుకోండి" అంది. ఆ చలిలో మళ్ళీ పెట్టెలు మోసుకుంటూ తలుపులు తట్టడం ఇక నా వల్ల కాదు. ఆమె మెప్పు కోసం మామిడి తాండ్ర ఇచ్చాను. బూటు అట్ట అనుకుని మా వారి బూట్ల పక్కన భద్రంగా పెట్టింది.

అయినా అన్నిటికన్నా ఇష్టమైన పని ఆమె వంటింట్లోనే దొరికింది. పొద్దున్నే జావ కాచడం. ఇల్లంతటికీ వెచ్చగా ఉండేది ఆ పొయ్యి దగ్గరే. ఓట్స్ అనే ధాన్యపు నూకతో కాస్తారు, ఉప్పు వేస్తారు, అచ్చం మన జావే. కలిపే కర్రను మాత్రం కుడివైపుకే తిప్పాలి. ఎడమకు తిప్పితే దయ్యం లేస్తుందట. మా అత్తగారికి పట్టింపులెక్కువని నేను అంతకుముందు అన్న మాటలన్నీ ప్రభువు క్షమించుగాక.

నేను బడికి వెళ్ళలేదు. మా నాయనమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించింది. వాటితోపాటే ఇంకొకటి నేర్పింది: ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి కుండలో వెయ్యాలి. నెలాఖరు ఆదివారం మా గుడిలో ఆడవాళ్ళందరం ఆ బియ్యం తెచ్చి గంపలో పోస్తాం. బయలుదేరేటప్పుడు అత్తగారు, "ఎంత దూరం పోయినా గుప్పెడు మాత్రం మానకే అమ్మాయ్" అన్నారు. ఎడింబరోలో అప్పుడు బియ్యం దొరికేవి కావు. అందుకని నూక కొలిచేటప్పుడు ఇంటామె నీలం డబ్బాలోంచి ఒక గుప్పెడు తీసి, గుడ్డసంచిలో వేసి, గదిలో దాచేదాన్ని. చిన్నప్పటినుంచీ అలవాటైన చెయ్యి. డబ్బా ఎవరిదని అది అడగలేదు.

మూడోవారంలో ఇంటామె డబ్బా ఊపి చూసి ముఖం చిట్లించింది.

"ఇంట్లో ఎలుక చేరింది," అంది మా వారితో. "ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఎలుక లేదు."

మీరొచ్చాకే అన్న మాట ఆమె నోటితో అనలేదు, కళ్ళతో అంది. గడువు ఇక పది రోజులుంది. ఎలుకను పట్టేదాకా నాకు నిద్ర లేదు. గోడ మూలలన్నీ వెతికాను, కన్నం కనిపించిన చోటల్లా గుడ్డ కుక్కాను. ఆమె తన రేషనులో వచ్చే చీజ్ అనే గట్టి జున్నులోంచి ఒక ముక్క కోసి, బోనులో పెట్టి, డబ్బా పక్కన ఉంచింది. నేను రోజూ ఆ బోనుకు వేళ్ళు తగలకుండా జాగ్రత్తగా నా గుప్పెడు తీసుకునేదాన్ని. "ప్రభువా, ఆ దొంగ ఎలుకను పట్టించు" అని ప్రార్థన కూడా చేశాను. అడిగినవి ఆయన ఇస్తాడు.

నెలాఖరు ఆదివారం సంచి కోటు కింద పెట్టుకుని గుడికి వెళ్ళాను. ఇంటామె మా పక్కనే కూర్చుంది. చూస్తే ఎక్కడా గంప లేదు. ఒక పెద్దమనిషి చెక్క పళ్ళెం పట్టుకుని వరసల వెంట వస్తున్నాడు. వీళ్ళ గంప ఇదే కాబోలనుకుని, ఆయన నా ముందు ఆగగానే సంచి విప్పి బోర్లించాను. నెల నాళ్ళ నూక. కానుకల చిల్లరంతా మునిగిపోయింది. పళ్ళెం నిండి ఆయన బూట్ల మీదకు జలజలా రాలింది. అయినా ఆయన పళ్ళెం వదల్లేదు, మహానుభావుడు.

ఇంటామె చెయ్యి చాచి నాలుగు గింజలు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. తర్వాత నన్ను చూసింది. అప్పుడు తెలిసింది నాకు, ఎలుక ఎవరో.

ఇంటికి వెళ్ళే దారి పొడుగునా ఆమె మాకన్నా ముందు నడిచింది. "పెట్టెలు సర్దుకుందువుగాని పద," అన్నారు మా వారు. నేను కన్నీళ్ళతో గుప్పెడు సంగతంతా చెప్పాను. ఇంటి గుమ్మంలో ఆయన అదంతా ఆమెకు ఇంగ్లీషులో చెప్పారు.

"రోజూనా?" అంది.

"రోజూనండి," అన్నారు మా వారు.

"మీ ఊళ్ళో అందరూనా?"

"మా గుడికొచ్చే ప్రతి ఇంట్లోనూ."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి పిలిచింది. వెళితే డబ్బా పక్కన బోను లేదు. బల్ల మీద ఒక సాసరులో జున్ను ముక్క ఉంది, కాస్త ఎండిపోయి.

"మీ ఆవిడను తినమనండి," అంది నవ్వు బిగపట్టి. "వారం నుంచి ఆమె కోసమే పెట్టాను."

మా వారు గది మాట ఎత్తబోయారు. "ఇంట్లో ఎలుక లేదని తేలిందిగా, ఇంక ఎక్కడికి వెళతారు?" అంది. ఆ జున్ను ఉప్పగా ఉందో, నా కన్నీళ్ళే ఉప్పగా ఉన్నాయో గుర్తులేదు. ఆ మర్నాటి నుంచి జావ వేళకు డబ్బా మూత తనే తీసి, "ఎలుకా, నీ గుప్పెడు!" అని పిలిచేది. మేము ఉన్నన్నాళ్ళూ పిలిచింది.

ఇక్కడికొచ్చాక ఇదంతా అత్తగారికి చెబితే, పచ్చడి కాయ తరుగుతున్న కత్తిపీట పక్కకు నెట్టి మరీ నవ్వారు. "పరాయిదాని డబ్బాలోది తెచ్చి నువ్వు దేవుడికిచ్చావా? ఆ పుణ్యమంతా ఆమెదేనే, నీకు గింజ కూడా రాదు!"

నిజమే. అందుకే ఇప్పుడు రోజూ రెండు గుప్పెళ్ళు తీస్తున్నాను. ఒకటి మాది, ఒకటి ఆమె పేర. ఆ రెండోదాని సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య బియ్యం త్వరగా తరుగుతున్నాయని అత్తగారు నిన్న డబ్బా పక్కన బోను పెట్టించారు.