గురవమ్మ తొట్టినీళ్లు

డాబా మెట్లెక్కుతుండగానే నాకు మోటారు ఎక్కిళ్లు పెడుతున్న చప్పుడు, దాన్ని ముంచేస్తూ గురవమ్మ తిట్లు వినిపించాయి. కోల్‌కతా ఖిదిర్‌పూర్ వీధులూడ్చే ఈ కార్పొరేషన్ మనిషి డాబా మీద చేపలు పెంచుతోంది. తొట్టి నీళ్లను చిన్న మోటారు గులకరాళ్లలో నాటిన పాలకూర వేళ్లకు ఎక్కిస్తుంది; అక్కడ తేటపడి అవి మళ్లీ చేపల మీదికి జారతాయి. పని నుంచి రాగానే ఆమె గాజుగ్లాసుతో నీళ్లు ముంచి ఎండకెత్తుతుంది. గ్లాసు అవతల తన వేలిగీతలు కనిపించేదాకా చీర కూడా మార్చుకోదు.

ఇవాళ గ్లాసులో పొగమంచు. కుళ్లిన బంతిపూలు గొట్టానికి అడ్డం పడ్డాయి. చేపలు పైకొచ్చి గాలికోసం నోళ్లు తెరుస్తున్నాయి. రెండు వెల్లకిలా తేలాయి.

“పూజపూలు చెత్తలో వేయకూడదు కదా దిదీ, పారే నీళ్లు కదాని ఇందులో వేశాను,” అంది కింది వాటా బెంగాలీ ఆవిడ.

“ఏటి పారేది బౌదీ? తిరిగి తిరిగి ఆటి నోట్లోకే వస్తాది!”

ఆవిడ తొట్టికి దణ్ణం పెట్టి దిగిపోయింది. గురవమ్మ గుప్పిళ్లతో పూలు తోడుతూ నావైపు తిరిగింది.

“ఊరందరి పూజపూలూ ముప్పయ్యేళ్లుగా నానే ఎత్తినాను బాబూ. ఈ తొట్టొక్కటే నాది. దీన్నీ నాచేత ఊడ్పిత్తారేటి?”