అక్కయ్య నోరు మూసిన బొమ్మ

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి కట్టుడు పళ్ళు చేసిపెడుతున్నాడు కనక ఆయన్ని వీధంతా పళ్ళాయన అనేది. యాభై రెండో ఏట ఆయనకి నూనె రంగులతో మనిషి ముఖం వేయాలని బుద్ధి పుట్టింది. ఆదివారం క్లాసులో చేరాడు. నేర్పే టీచరమ్మ ఆయన కూతురి కంటే చిన్నది, మాట మాత్రం కత్తెర.

"పాతకాలం పద్ధతంటే పొర మీద పొరండీ. ఒకటి ఆరాకే ఇంకోటి. తొందరపడితే అంతా బురదే," అంది.

ఎదురుగా కూర్చోడానికి మనిషి కావాలి. పక్క వాటాలో ఉండే అక్కయ్య సరేనంది. రోజూ వచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేది గానీ, ఆవిడ నోరు కూర్చునేది కాదు.

"అక్కయ్యా, పెదవులు గీస్తున్నాను. ఒక్క నిమిషం."

"గియ్యరా, నిన్నెవరు వద్దన్నారు? నా మానాన నేను మాట్లాడుకుంటున్నాను."

ఒంటి రంగు నిగ్గు తేలాలంటే అడుగున బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ వేయాలట. మూడో వారం ముఖమంతా అదే వేశాడు. అక్కయ్య లేచొచ్చి చూసింది.

"నేనింకా పోలేదురా," అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు బతిమాలాడు. దీనిమీద ఎరుపు పడుతుంది, పసుపు పడుతుంది, ప్రాణం వస్తుంది అన్నాడు.

"వచ్చేదాకా నాకు చూపించకు," అని మళ్ళీ కూర్చుంది.

ప్రాణం నిజంగానే వచ్చింది. బుగ్గలు కుదిరాయి, కళ్ళు కుదిరాయి. నోటి దగ్గరకొచ్చేసరికి మాత్రం పళ్ళాయన చెయ్యి పాత అలవాటుకి పోయింది. పన్ను పన్నునా మెరుపు పెట్టి, చిగుళ్ళతో సహా దించాడు.

టీచరమ్మ చాలాసేపు చూసింది. "ముఖం వేయమన్నానండీ, మీ షాపు బోర్డు కాదు."

 ఆయన తడి ఆరకముందే ఆ పళ్ళన్నీ కత్తితో గీకేశాడు. పెదవులు రెండూ కలిపి మూశాడు. ఆ చిన్న గీత కుదరడానికే మూడు వారాలు పట్టింది.

ఆరాక బొమ్మని అక్కయ్య ఇంటికి తీసుకెళ్ళాడు. బావగారు కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"ఎవరోయ్ ఈవిడ? ఎంత నెమ్మదస్తురాలో!"

"మీ ఆవిడే, బావగారూ."

బావగారు నమ్మడానికి కాస్త టైము పట్టింది. నమ్మాక బొమ్మని తన వాలుకుర్చీకి ఎదురుగా తగిలించుకున్నాడు. ఆ సాయంత్రమే, అక్కయ్య నలభై ఏళ్ళుగా పూర్తి చెయ్యనివ్వని తన ఉద్యోగం కథ దానికి మొదలుపెట్టాడు.

వంటింట్లోంచి అక్కయ్య గొంతు వినిపించింది. "దానికి వినపడదు. నాకు వినపడుతోంది. అప్పుడు మీ ఆఫీసరు అలా అన్లేదు."