ఉమారాణి మౌల్మీన్ తరగతి

బిజినేపల్లి దగ్గరి పల్లెలో పుట్టిన ఉమారాణికి బర్మా అంటే మొదట్లో ఒక పరిశోధనాంశం, అంతే. నూరేళ్ల కిందట అక్కడి రేవుల్లో, వరిమడుల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మనుమలు, మునిమనుమలు ఇప్పుడు ఇళ్లల్లో ఎలాంటి తెలుగు మాట్లాడుతున్నారో రాయాలనుకుంది. ఆమె తండ్రి ఇమ్మానుయేల్ సగం జీవితం మట్టిపనికి ఊళ్లు తిరిగినవాడే. తిరిగొచ్చినప్పుడల్లా ఆయన నోట్లో ఏదో కొత్త మాట దొర్లేది. ఆ ఆసక్తితోనే, వనపర్తిలో గెస్ట్ లెక్చరరుగా తెలుగు చెబుతూ ఆమె ఈ పనికి దిగింది.

బర్మాలోని మౌల్మీన్ పట్టణంలో ఆమెకు దొరికిన మనిషి సుమన. ఆదివారం ప్రార్థన అయ్యాక పదకొండు మంది పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దిస్తుంది. అక్కడి ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి ఉమారాణికి పంపేది. బదులుగా ఒకటే అడిగింది.

"నాకొచ్చిన తెలుగు అంతంతమాత్రమమ్మా. మా పిల్లలకి మీరే చెప్పండి."

కరోనాతో కాలేజీ మూతపడిన ఏడాది అలా ఫోన్ తెర మీద తరగతి మొదలైంది.

2021 ఫిబ్రవరి ఒకటిన అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. వార్త చూసిన వెంటనే ఉమారాణి ఫోన్ చేసింది. కలవలేదు. ఆదివారానికి ఇంటర్నెట్ కూడా పోయిందన్నారు. అయినా పదకొండు గంటలకు తరగతి తెరిచి, ఖాళీ తెర ముందు కూర్చుంది.

"ఎవ్వరు లేకున్నా గట్లనే కూసున్నవేంది బిడ్డా?" అన్నాడు ఇమ్మానుయేల్.

"ఒకవేళ వస్తే, నేను లేకుంటే పరేషాన్ అయితరు నాయినా."

ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

నాలుగు రోజుల తర్వాత సుమన గొంతు వినిపించింది. "రోడ్ల మీద ఆపి ఫోన్లు చూస్తున్నారమ్మా. రికార్డులన్నీ తీసేశాను. మా ముసలోళ్ల గొంతులు ఇక మీ దగ్గరే ఉన్నాయి."

ఆ రికార్డుల్లో ఒక తాత ఉన్నాడు. వెనకటి సైనిక పాలనలో తమ దుకాణం ఎలా గుంజుకున్నారో చెబుతూ గంటసేపు తిట్టాడు. ఆయన మనుమడేమో ఇప్పుడు నిరసన ఊరేగింపుల్లో తిరుగుతున్నాడు. ఆ సాయంత్రమే ఉమారాణి ప్రతి రికార్డు మీదా పేరు, వీధి చెరిపి అంకెలు వేసింది.

మార్చిలో అక్కడ మొబైల్ డేటా ఆపేశారు. తరగతి మామూలు ఫోన్ కాల్‌లోకి మారింది. ఉమారాణి ఒక్కో పదం పలికితే పిల్లలు పలకల మీద రాసేవాళ్లు. వాళ్లు రాసినది సుమన అక్షరం అక్షరం చదివి వినిపించేది. ఒకరోజు మధ్యలో ఆమె గొంతు తగ్గించింది.

"అమ్మా, ఇవాళ గట్టిగా చదివించకండి. వీధిలో మిలిటరీ బండి ఆగి ఉంది."

ఆ రోజు గుణింతం గుసగుసగా సాగింది. 'కా, కి, కీ' అంటున్న చిన్న గొంతులు వింటూ, ఎప్పుడు ఏ చప్పుడు వినపడుతుందోనని ఉమారాణి ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

ఇక్కడ ఉమారాణి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం పూర్తి కావచ్చింది. గైడు రామచంద్రయ్య కాగితాలు తిరగేసి కళ్లద్దాలు తీశాడు. "మాట్లాడినవాళ్ల పేర్లు, ఊర్లు ఏవమ్మా? ఇవి లేకుంటే సొంతంగా అల్లినవంటారు."

"పేరు రాస్తే మిలిటరోళ్లు వాళ్ల ఇండ్ల మీదికి పోతరు సార్."

"ఇక్కడి థీసిస్ అక్కడ ఎవరు చదువుతారు?"

"తెల్వదు సార్. తెల్వదు గనుకనే రాయను."

ఆయన విసుక్కున్నాడు. గ్రంథం ఏడాదికి పైగా ఆయన బల్ల మీదే ఉండిపోయింది. ఈలోగా పడిన ఉద్యోగ ప్రకటనకు పట్టా చేతిలో లేక ఆమె దరఖాస్తు పెట్టలేకపోయింది. తప్పు చేశానా అని చాలాసార్లు అనుకుంది. చివరికి రామచంద్రయ్యే మెత్తబడి, పేర్లు లేకుండానే ఆ గొంతులను పరీక్షకులు మూసిన గదిలో విని నిర్ధారించుకునేలా అనుమతి తెచ్చాడు. మౌఖిక పరీక్ష రోజు తాత గొంతు వింటూ ఒక పరీక్షకుడు రాయడం ఆపేశాడు. పట్టా వచ్చింది.

ఆ తాత తర్వాతి ఏడు చనిపోయాడు. ఇంటివాళ్లు ఆయన గొంతు వినాలనుకున్నారు, కానీ ఆ రికార్డు పంపే ధైర్యం ఎవరికీ లేదు. ఉమారాణి ఫోన్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టి వినిపించింది. అవతల ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే, మనుమడు మాత్రం "ఇంకోసారి పెట్టండి టీచరుగారూ" అన్నాడు.

ఇప్పుడు తరగతిలో ఏడుగురు పిల్లలున్నారు. ఇద్దరు పిల్లల కుటుంబాలు సరిహద్దు దాటి థాయ్‌లాండ్ వెళ్లాయి. మిగిలిన ఇద్దరు పిల్లల సంగతి సుమనకూ తెలియదు. హాజరు పిలిచేటప్పుడు ఉమారాణి పదకొండు పేర్లూ పిలుస్తుంది. పలకని పేరు దగ్గర కాసేపు ఆగి, తర్వాతి పేరుకు వెళ్తుంది.