మండని కుడి చెయ్యి

మిరప కోతల కాలంలో మా ఆరోగ్య కేంద్రానికి వచ్చే ఆడవాళ్ళందరిదీ ఒకటే గోల, చేతుల మంట. చేలో కాయ కోసేవాళ్ళకీ మంటే, కోల్డ్ స్టోరేజీల్లో కూర్చుని తొడిమలు తీసేవాళ్ళకీ మంటే. ఆ చేత్తో కళ్ళు నలుపుకున్నవాళ్ళూ, చంటిపిల్లని ముట్టుకుని ఏడిపించినవాళ్ళూ అందరూ నా బల్ల ముందుకే వస్తారు. వెంటనే తగ్గలేదని నా మీద విసుక్కుంటారు. నేనూ ఊరుకోను, తిరిగి విసుక్కుంటాను. నర్సుగా నా చెయ్యి మంచిదేగాని నోరు మంచిది కాదని మా పేటలో అందరికీ తెలుసు.

ఆ మంట నాకు కొత్త కాదు. మా అమ్మ మిరప చేలల్లో కూలికెళ్ళి నన్ను చదివించింది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులకి ఆముదం పట్టించుకుని, కాసేపటికి చల్లటి మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులతో నన్ను ముట్టుకునేది కాదు. జడ వెయ్యమని దువ్వెన పట్టుకెళ్తే పక్కింటి అత్త దగ్గరికి పొమ్మనేది. ఆమె మాకు చుట్టమేమీ కాదు, వరసకి అత్త. అప్పట్లో ఆమె పత్తి తీతకి వెళ్ళేది కాబట్టి చేతులు గీరుకుపోయి ఉండేవి తప్ప మండేవి కావు. నా బడి రోజుల జడలన్నీ ఆమె వేసినవే. గట్టిగా లాగి వేసేది, ఏడిస్తే నెత్తిన ఒక మొట్టికాయ కూడా పడేది.

తర్వాత ఆమె నల్లపాడు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి కుదిరింది. మొదట్లో అందరిలాగే చేతులు మండి బాధపడేది. కొన్నేళ్ళకి, "నా చేతికి మంట తెలవట్లేదే" అని చెప్పుకోవడం మొదలెట్టింది. గొప్పగానే చెప్పుకునేది. చర్మం మొద్దుబారిందనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

అప్పట్నించీ మా పేటలో ఎవరింట్లో ఆవకాయ పెట్టినా కలపడానికి ఆమే రావాలి. గరిటెతో కలిపితే ముక్కకి కారం పట్టదు, చేత్తోనే కలపాలి. కలిపినవాళ్ళకి ఆ రాత్రి నిద్ర ఉండదు. అత్తకి ఆ బాధ లేదు. తలస్నానం చేసి, కొప్పు బిగించుకుని, బేసిన్ ముందు కూర్చుని కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేది. ఆమెన్ అని మోచేతి దాకా కుడి చెయ్యి కారంలో పెట్టేది. జాడీకి ఎత్తేశాక బేసిన్‌కి అంటుకున్న గుజ్జులో వేడి అన్నం వేసి కలిపి, చుట్టూ చేరినవాళ్ళందరికీ తలా ఒక ముద్ద పెట్టేది. పేటలో ఎవరితో ఎవరికి మాటల్లేకపోయినా ఆ ముద్ద దగ్గర మాత్రం అందరూ కనపడేవాళ్ళు. పెళ్ళిళ్ళలో ఎక్కడో వెనక కూర్చునే మనిషి, ఎండాకాలం వస్తే ఇంటింటికీ పెద్దమ్మ అయిపోయేది.

ఈ ఏడు కోతల మధ్యలో అత్త చేతికి గుడ్డ చుట్టుకుని నా దగ్గరికొచ్చింది. విప్పి చూస్తే అరచేతి అంచున, చిటికెన వేలి కింద కాలిన పుండు. పుండుని ముట్టుకునే ముందు చూడాల్సినవి కొన్ని ఉంటాయి. ఎంత వెడల్పు, ఎంత లోతు, అంచులు ఎలా ఉన్నాయి, రసి కారుతోందా, వాసన వస్తోందా అని చూడాలి. నొప్పి సంగతి మనిషిని అడగాలి. నేను మొదటివన్నీ చూశాను. నొప్పి సంగతి అడగకుండానే సెలైన్‌తో తుడవడం మొదలుపెట్టాను, ఎలాగూ అరుస్తుంది కదా అని. అత్త అరవలేదు. కోల్డ్ స్టోరేజీలో తనతో పనిచేసే ఎవరో చీర కొనుక్కున్న సంగతి చెబుతూనే ఉంది. కాసేపు మాట్లాడకుండా ఉండమని కసిరాను కూడా. చచ్చిన చర్మం తీస్తుంటే ఆ చెయ్యి కొంచెం కూడా వెనక్కి పోలేదు. అప్పుడు ఆగాను.

"ఎప్పుడు కాలింది అత్తా?"

"తెలవదే. అట్లు పోస్తన్నా. మాడిన వాసనొస్తే అట్టు మాడిందేమో అనుకున్నా. చూస్తే పెనం అంచున చెయ్యి."

"మరి మిరపకాయలు? రెండు చేతులూ మండవా?"

"ఎడమది మండుద్ది. కుడిది బంగారం, దానికేం తెలవదు."

మొద్దుబారిన చర్మమైతే రెండు చేతులకీ మొద్దుబారాలి. ఆమె రెండు చేతులతోనూ ఒకే పని చేస్తుంది. ఈ మాట నేను ఆమెని ముందెప్పుడూ అడగలేదు. ఆమె పెట్టిన ముద్దలు తిన్నానుగాని ఆ చెయ్యి ఎందుకు మండదో అడగాలని నాకు తట్టలేదు.

కళ్ళు మూసుకోమన్నాను. దూదిని సన్నగా మెలిపెట్టి, తాకిన చోటల్లా వేలుతో చూపించమన్నాను. ఎడమ చేతి మీద ప్రతిసారీ చూపించింది. కుడి చేతి మీద చిటికెన వేలు తాకాను, అరచెయ్యి తాకాను. ఆమె కళ్ళు మూసుకుని ఓపిగ్గా కూర్చుని ఉంది. "ఇంకా మొదలెట్టవేందే?" అంది. గాజులు పైకి జరిపితే ముంజేతి మీద పాలిపోయిన మచ్చ. మోచేతి వెనక తడిమితే నరం తాడులా చేతికి తగిలింది. డాక్టరుగారిని పిలిచాను. ఆయన చూసి అదే అన్నారు, కుష్టు.

"పెద్దరోగమా?" అంది అత్త. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మందుంది, ఉచితం, ఇంట్లో ఉండే మింగొచ్చు, మందు మొదలెట్టాక ఎవరికీ అంటదు, తిండి వల్ల అసలే అంటదు అని చెప్పాను. పోయిన స్పర్శ వస్తుందని మాత్రం చెప్పలేకపోయాను. ఆమె అన్నీ విని ఒకటే అడిగింది, "పేటలో తెలవనీకు తల్లీ."

అలాగే అన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. కావాలని ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి కేసు దొరికితే ఇంట్లోవాళ్ళ చర్మం, చుట్టుపక్కలవాళ్ళ చర్మం కూడా చూడాలని పద్ధతి. ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని పట్టపగలు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళని ఒక్కొక్కరిగా కేంద్రానికి రమ్మనొచ్చు. అలా చేస్తే రారేమోనని, పని ఒక్కసారే తెమిలిపోతుందని నేనే వెళ్ళాను. మామయ్య చొక్కా విప్పించి వీపు చూశాను, కోడలి చేతులు చూశాను. పక్కిళ్ళకి వెళ్ళి అందరికీ చేసే పరీక్షేనని చెప్పాను. అదృష్టం కొద్దీ ఇంకెవరికీ లేదు. కానీ నర్సు ఆ ఇంట్లో మొదలుపెట్టి అటూ ఇటూ నాలుగిళ్ళు మచ్చలు వెతికి వెళ్ళిపోతే అర్థం కానంత అమాయకులు మా పేటలో లేరు. గుమ్మంలో నిలబడి అత్త నన్ను చూసిన చూపు నా కళ్ళ ముందు నుంచి ఇప్పటికీ పోవడం లేదు. తిట్టినా బాగుండేది.

మామిడికాయలు వచ్చాయి. పేటంతా ఆవపిండి ఘాటు. ఈ ఏడు అత్తని ఎవరూ పిలవలేదు. ఒకామె, కీళ్ళ నొప్పుల పెద్దావిడకి ఎందుకు శ్రమ అంది. ఇంకొకామె మిక్సీలాంటిది ఏదో వచ్చిందట అంది. అందరూ మర్యాదగానే ఉన్నారు. వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది, నలుగురినీ నిలబెట్టి కడిగేద్దామనుకున్నాను.

ఈలోపు మా ఇంట్లో కాయలు కొట్టే రోజు వచ్చింది. అమ్మ ముక్కలు తుడుస్తూ నా వైపు చూడకుండా, "ఈసారికి మనమే కలుపుకుందాంలే" అంది. ఆ రోగం తిండితో అంటదని అమ్మకి చెప్పాల్సింది నేను. జిల్లా మొత్తం మీద ఆ మాట చెప్పే హక్కు ఉన్నవాళ్ళలో నేనొకదాన్ని. పైగా అత్తది, అమ్మ నన్ను ముట్టుకోలేని రోజుల్లో నా తల దువ్విన చెయ్యి. నేను లోపలికి వెళ్ళి డ్యూటీ సంచిలోంచి గ్లౌజులు తెచ్చుకుని కూర్చున్నాను. బేసిన్‌లో చెయ్యి పెట్టాక తలుపు తీసే ఉందని గుర్తొచ్చింది. లేచి తలుపు వేసి వచ్చాను. రోగం సంగతి తెలియనివాళ్ళు భయపడ్డారు. తెలిసిన నేనూ అదే పని చేశాను. ముద్దలు కలిపి పెట్టాలని కూడా అనిపించలేదు, బేసిన్ కడిగేశాను.

ఆ తర్వాత నెల మందుల కోసం అత్త కేంద్రానికి వచ్చింది. పుండు మానింది, అంచులు దగ్గరికొచ్చాయి. మందు వల్ల ఒళ్ళు కొంచెం నల్లబడింది. రోజూ చెయ్యి చూసుకుంటున్నావా, పొయ్యి దగ్గర గుడ్డ వాడుతున్నావా అని అడిగాను. అన్నిటికీ బుద్ధిగా తలూపింది. ఎవరూ లేకుండా చూసి సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"మీ అమ్మకి నా ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు కదే. కొంచెమే పెట్టాను." నేనేమీ అనేలోపే మళ్ళీ అంది, "కుడి చెయ్యి పెట్టలేదులే, భయం లేదు. ఎడమ చేత్తో కలిపా. ఏమీ అనుకోమాక."

ఎడమ చేత్తో ఎవరికీ మంచినీళ్ళు కూడా ఇవ్వని మనిషి ఆమె.

"మండలేదా అత్తా?"

"మండకుండా ఎట్టుంటది. రెండు రోజులు నిద్రలేదు." నవ్వింది. "మీ అమ్మకి నాదని చెప్పమాక. బ్రాడీపేట పచ్చళ్ళ కొట్లో కొన్నానని చెప్పు."

అప్పుడైనా చెప్పొచ్చు, వద్దత్తా, నీదేనని చెప్పే పెడతానని. మందుల అట్ట ఆమె చేతికిచ్చి, ఎలా మింగాలో మళ్ళీ చెప్పి పంపాను. ఆమె మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

రాత్రి అన్నంలో వేసుకుని అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి, సీసా వైపు చూసింది.

"ఎక్కడిదే ఇది?"

"బ్రాడీపేటలో కొన్నాను."

అమ్మ నా మొహంలోకి చూసింది. ఇంకో ముక్క వేసుకుంది. మేము కలిపిన జాడీ అటకమీదే ఉంది, దాని వైపు చూడలేదు. పళ్ళెం తుడిచినట్టు తిని, చెయ్యి కడుక్కుంటూ అంది.

"ఈసారి వెళ్ళినప్పుడు ఇంకో సీసా తీసుకురా."

వచ్చే నెల మందులకి అత్త వచ్చినప్పుడు ఆ ఇంకో సీసా నేనే ఆమెని అడగాలి, ఆ ఎడమ చేతినే అడగాలి.