దారితప్పిన ఓడ చివరి భాగం

ఆఫీసులో అందరూ ఆమెను నీడమ్మ అంటారు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. విందులో ఇద్దరు దేశాధినేతలు పక్కపక్కన కూర్చుంటే, వాళ్ల కుర్చీల సందులో కాస్త వెనక్కి, చేతులు లేని చిన్న కుర్చీ ఒకటి వేస్తారు. అది ఆమె చోటు. వీళ్ల మాట వాళ్ల భాషలో, వాళ్ల మాట వీళ్ల భాషలో చెవిన వేయడం ఆమె పని. ముందు బల్ల ఉండదు, పళ్లెం ఉండదు. వడ్డించేవాడు మనవాడైతే కడపటి పంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. అసలు పంక్తిలోనే లేని మనిషికి వడ్డించేవాడు ఎవరైతేనేం? అందుకే ఆమె ఇంట్లోనే ఇంత తిని బయల్దేరుతుంది.

ఎవరు మాట్లాడితే వాళ్లే అయిపోయి "నేను" అనాలి. అదీ ఆ వృత్తి పద్ధతి. "నేను యుద్ధం కోరుకోవడం లేదు" అని ఎన్నోసార్లు అంది. "నాకు మోకాళ్ల నొప్పులు" అని కూడా అంది. రెండూ ఆమెవి కావు. "అమ్మా, నీ సొంత మాట ఒక్కటి కలిసినా ఆ కుర్చీ నీది కాదు" అని అనువాదకుల పెద్ద మొదట్లోనే చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి ఆయన. అతిథి జోకును విడమరిచి చెప్పబోయిన సహోద్యోగి ఒకడు ఇప్పుడు కింది గదిలో పాత కాగితాల దుమ్ము దులుపుతున్నాడు.

అయినా ఆమెకు ఆ కుర్చీ అంటే ఇష్టం. మాటలు ఒక చెవిన వచ్చి నోటినుంచి పోతూ ఉంటే, మనసుకు వేరే పని ఉండదు. గాజు గ్లాసుల్లో దీపాలు వణుకుతుంటాయి. చెంచాల చప్పుడు ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. కాసేపటికి హాలు హాలంతా నేల విడిచి మెల్లగా తేలిపోతున్నట్టుంటుంది. కళ్లు తెరిచే కనే ఆ కలకోసమే తాను ఈ ఉద్యోగంలో ఉన్నానని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆదివారాలు మాత్రం ఆమె నోటికి తాళం ఉండదు. గ్రంథాలయం మేడమీద గదిలో 'దారితప్పిన ఓడ' అభిమానులు చేరతారు. అది పాతకాలపు టీవీ హాస్య ధారావాహిక. నక్షత్రాల మధ్య ఉత్తరాలు పంచే ఓడ ఒకటి ఇంటిదారి మరిచిపోతుంది. దారి తప్పామని కెప్టెన్ చచ్చినా ఒప్పుకోడు. ఎవరడిగినా "దగ్గర్లోనే ఉన్నాం" అంటాడు. చీకటంటే హడలిపోయే రోబో ఒకటి భుజాన దీపం పెట్టుకుని ఓడంతా తిరుగుతుంది. ఆ దీపం ఎడమ భుజం మీదా, కుడి భుజం మీదా అని తగవు పడి ఇద్దరు ప్రాణమిత్రులు మాటలు మానేశారు. పళ్ల డాక్టరు ఒకాయన ఒళ్లంతా వెండిరేకు చుట్టుకుని రోబోలా వస్తాడు, మెట్లు ఎక్కలేక అవస్థ పడతాడు. నవ్వేవాళ్లు నవ్వనీ. పిచ్చి అన్నాక పూర్తిగా ఉండాలి.

ఆమె చిన్నతనం పొరుగుదేశంలో గడిచింది. నాన్న ట్రాము నడిపేవాడు. పెదవి విప్పి నవ్వని మనిషి. వారానికి ఒక్క అరగంట, ఆ ఓడ వచ్చినప్పుడు మాత్రం, మోకాళ్లమీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి కడుపుబ్బ నవ్వేవాడు. అప్పటి ఆ దేశనాయకుడికి కూడా ప్రతి ఉపన్యాసంలో "దగ్గర్లోనే ఉన్నాం" అనే అలవాటుండేది. జనం సభల్లో కిసుక్కుమనడం మొదలుపెట్టారు. అంతే, చివరి భాగం రావాల్సిన వారం టీవీలో కవాతు చూపించారు. తర్వాత నాన్న రోజుకో ముగింపు అల్లి పిల్లలకు చెప్పేవాడు. చెప్పి, "ఏమోనే, ఇది కాదేమో" అనేవాడు. వాళ్లు ఈ దేశం వచ్చేసరికే ఇక్కడ ఆ భాగం ఎప్పుడో వేసేశారు; అది చూడకుండానే నాన్న పోయాడు. ఎన్నో ఏళ్లకు మేడమీద గదిలో ఆమె ఆ చివరి భాగం చూసింది. అందరూ నవ్వుతుంటే వెక్కివెక్కి ఏడ్చింది.

ఒకరోజు విందుకు వచ్చింది ఆ పొరుగుదేశపు అధ్యక్షుడే. తల పండిన పెద్దాయన. పొద్దుటినుంచి కరెంటు సరఫరా ఒప్పందం మీద మాటలు సాగి సాగి ఆగిపోయాయి. ఆయనా, ఇక్కడి ప్రధానీ సూపు తాగుతున్నారే గానీ మొహమొహాలు చూసుకోవడం లేదు. ఉపన్యాసాల కోసం హాల్లో దీపాలు తగ్గించారు. ఆ మసకలో పెద్దాయన తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు:

"దీపం ఆర్పకండర్రా, నాకు చీకటంటే పడదు."

అది రోబో మాట. ఆమె ఒళ్లు జలదరించింది. అయినా ఉన్నదున్నట్టు ప్రధాని చెవిన వేసింది. ప్రధాని వెనక కూర్చున్న కార్యదర్శి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. "కరెంటు సంగతే సార్" అని గొణిగాడు.

"మా వైపునుంచి ఏ లోటూ రాదని చెప్పండి" అన్నాడు ప్రధాని.

పెద్దాయన నిట్టూర్చాడు. "ఇంతకీ ఆ ఓడ ఇంటికి చేరిందా? మీ దగ్గర చివరిదాకా వేశారటగా."

"రేవు సుంకాలు" అన్నాడు కార్యదర్శి.

"నిబంధనలు పాటిస్తే ఏ ఓడైనా రేవు చేరుతుంది" అన్నాడు ప్రధాని, గంభీరంగా.

ఆ జవాబు విని పెద్దాయన మొహం వాడిపోయింది. చెంచా కింద పెట్టేశాడు. "ఆపించింది నేనే" అన్నాడు. "అప్పుడు చిన్న అధికారిని. సంతకం పెట్టమంటే పెట్టాను. తర్వాత ఎవర్ని అడగాలన్నా సిగ్గేసింది."

ఇప్పుడు ఆమే "నేను" అనాలి. "ఆపించింది నేనే" అని తన నోటితో అంది.

"ఒప్పందమా? వీళ్లే ఆపించారా?" కార్యదర్శి సగం లేచాడు. ప్రధాని కళ్లు ఎర్రబడ్డాయి. ఇంకో క్షణం ఆగితే కొంప మునిగేలా ఉంది. అనువాదకులకు ఒక వెసులుబాటుంది: అర్థం పెడదారి పడితే, తమను పరాయి మనిషిలా చెప్పుకుని వివరణ ఇవ్వవచ్చు. ఇన్నేళ్లలో ఆమె దాన్ని వాడలేదు.

"అనువాదకురాలి మనవి" అంది. "అతిథిగారు అడుగుతున్నది ఒక టీవీ హాస్య ధారావాహిక గురించి. ఆపించింది దాన్ని."

ప్రధాని తెల్లమొహం వేశాడు. తర్వాత నవ్వొచ్చేసింది. "అయ్యో, అలాగా. దాని ముగింపు మనవాళ్లెవరికైనా తెలుసా?" కార్యదర్శి ఫైలు తిరగేశాడు.

ఇక్కడితో ఊరుకోవచ్చు. కుర్చీ భద్రం, పరువు భద్రం. నాన్నకు దక్కనిది ఈయనకు ఎందుకు దక్కాలి? ఆ మాట ఆమె లోపల చాలా గట్టిగానే అనుకుంది. కానీ పెద్దాయన మోకాళ్లమీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, ఎవరైనా చెబుతారేమోనని ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. అది చూశాక ఆమె వల్ల కాలేదు.

"అనువాదకురాలికి తెలుసు" అంది, రెండు భాషల్లోనూ.

చెప్పింది. ఒక్క నవ్వూ వదలకుండా చెప్పింది. నూనె అయిపోయి రోబో దీపం ఆరిపోతుంది. అందరూ బావురుమంటారు. "ఎక్కడున్నాం?" అని వంటవాడు అడిగితే, కెప్టెన్ మొదటిసారి "తెలీదురా" అంటాడు. ఆ చీకట్లో కిటికీలోంచి చూస్తే కింద ఊరు, వీధులు, వాళ్ల సొంత ఇళ్ల దీపాలు. ఇన్నాళ్లూ ఇంటిచుట్టూనే తిరుగుతున్నారు. రోబో దీపం వెలుగు కళ్లలో పడి కనిపించలేదు. హాలు మళ్లీ నేల విడిచి తేలుతున్నట్టనిపించింది ఆమెకు. ఈసారి ఆ మాటలు ఆమెవే.

"అంటే దగ్గర్లోనే ఉన్నారన్నమాట" అన్నాడు పెద్దాయన. "ఆ ఒక్క వారం ఓపిక పట్టి ఉంటే మా నాయకుడే నెగ్గేవాడు కదయ్యా." నవ్వు మొదలై కళ్లనీళ్ల దాకా వెళ్లింది. ఆమె అనువదించగానే ప్రధాని కూడా బల్ల చరిచి నవ్వాడు.

నవ్వు తగ్గాక పెద్దాయన ఆమెవైపు తిరిగాడు. విందుల్లో అలా ఎవరూ తిరగరు.

"నువ్వెక్కడ చూశావమ్మా?"

"ముందు భాగాలన్నీ మీ దేశంలోనేనండీ. నాన్న పక్కన కూర్చుని."

"మరి చివరిది నాన్నగారు చూశారా?"

"లేదండీ."

"ఏమంటున్నారు?" అని ప్రధాని వంగాడు.

"అనువాదకురాలి తండ్రి చివరి భాగం చూశారా అని అడుగుతున్నారు" అంది ఆమె. జవాబు కూడా చెప్పాలి కదా. "చూడలేదు. మా నాన్న ఎదురుచూస్తూనే పోయాడు."