చెరపని రెండో బొమ్మ

“తువ్వాలు కోసం వెనక్కి తిరిగానంతే. దీని తలలో నెత్తురు కారుతోందేమో.”

స్కాన్ గది గుమ్మంలో నిలబడి తల్లి ఈ మాట అనడం నాలుగోసారి. పదకొండు నెలల కూతురు మంచం మీంచి పడి మూడు రోజులైంది. ఆ పొద్దున వాంతులు మొదలయ్యాయి. మత్తిచ్చి ఎమ్మారై స్కాన్ తీస్తే మెదడులో ఒక నల్లచుక్క కనబడింది. అది రక్తమో, పేరుకున్న కాల్షియం సున్నమో ఈ బొమ్మలో తేలదనీ, రక్తమైతే ఇప్పుడే పెద్దాసుపత్రికి పరిగెత్తాలని డాక్టరు చెప్పి, వేరే రోగిని చూడ్డానికి వెళ్లాడు.

స్కాన్ తీసే ఆవిడను ఆసుపత్రిలో అందరూ అయస్కాంతమ్మ అంటారు. చేరిన వారంలోనే ఆ యంత్రంలోని అయస్కాంతం ఆమె జడపిన్ను లాక్కుంది. దానికి నీ కొప్పు మీద కన్ను పడిందని తోటివాళ్లు ఆటపట్టించారు. ఇరవై రెండేళ్లుగా గుడ్డపీలికతోనే జుట్టు ముడేస్తోంది. స్కాన్‌లో మామూలు బొమ్మతో పాటు ఫేజ్ బొమ్మ కూడా వస్తుంది. చోటు చాలదని మిగతావాళ్లు దాన్ని చెరిపేస్తారు. ఈవిడ చెరపదు. పైవాళ్ల చీవాట్లు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది.

ఇప్పుడు ఆ బొమ్మే తెరిచింది. అంతా బూడిదరంగు మరకలు.

తల్లి నివ్వెరపోయింది. ఆమె కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఫేజ్ కంటికి కనబడదనీ, తరంగానికి వర్గం కట్టగానే మాయమైపోతుందనీ ఏటా బోర్డు మీద రాస్తుంది. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు బొంగరాల్లా తిరుగుతుంటే, రక్తంలోని ఇనుము వాటిని ఒకవైపు, సున్నం మరోవైపు జరుపుతాయి. ఆ వెనకాముందులే ఫేజ్. తన పాఠం మీద తన పిల్ల ప్రాణం వేలాడుతుందని ఏనాడూ అనుకోలేదు.

“ఇందులో ఏం తెలుస్తుందండీ?”

“ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలీదు తల్లీ. ఇదిగో, ఇది రక్తనాళం. నల్లగా ఉంది కదా. చుక్కా నల్లగా ఉంటే రక్తమే, తెల్లగా ఉంటే సున్నం.”

చుక్క తెల్లగా ఉంది.

తల్లి తెర దగ్గరికి వంగి రెంటినీ మళ్లీ పోల్చుకుంది. డాక్టరు వచ్చి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాడు. అది సున్నం చుక్క, పడకముందు నుంచీ ఉన్నదే. వాంతులు అజీర్తివి. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నాడు.

వెళ్లేటప్పుడు అయస్కాంతమ్మ పాప కాలికి సాక్సు తొడుగుతూ అంది: “భయమేసినప్పుడు దాన్నొక్కదాన్నే పట్టుకుని చూడకు. నీకు తెలిసినదాన్ని పక్కన పెట్టుకుని చూడు.”

ఇప్పుడు పాప ఒళ్లు వెచ్చగా అనిపిస్తే తల్లి థర్మామీటరు ముందు తన చంకలో పెట్టుకుంటుంది. ఆ తర్వాతే పాపకు.